వేలు పట్టుకున్నవాడు

ఊరందరి వేళ్ళూ పట్టుకున్నవాణ్ణి నేను.
డాక్టర్ని కాను, గాజులమ్మేవాణ్ణి కాను,
కాశీబుగ్గ రైలుగేటుకి ఇవతల
రేషను డిపోలో బియ్యం తూచే దానేసుని.

కాటా పక్కన ఇటుకరాయంత మిషను.
దాని నుదుట గోరంత అద్దం,
అద్దంలో ఎర్రటి వెలుగు.
ఒకటో తారీకు నుంచి
అయిదొందల పన్నెండు కార్డులు
దాని ముందు చెయ్యి చాపుతాయి.

పలాసలో వేలిముద్రలు ఎటు పోతాయో
మిషను చేసినవాడికి తెలీదు.
జీడిగింజ పగలగొడితే
తొక్కలోంచి నల్లగా నూనె చిమ్ముతుంది.
బూడిద పూసుకున్నా ఊరుకోదు, ఆముదం రాసుకున్నా ఊరుకోదు.
గీత తర్వాత గీత తినుకుంటూ పోతుంది.
ఎక్కడో పెళ్ళి పాయసంలో తేలే గుళ్ళకి
మా పేట ఆడవాళ్ళ గీతలు అంటుకుని ఉంటాయేమో,
తినేవాళ్ళెవరూ తిప్పి చూడరు.

"దయచేసి మళ్ళీ ప్రయత్నించండి"
అంటుంది మిషనులో ఆడగొంతు, ఎంతో మర్యాదగా.
పిట్ట దాలమ్మ బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది,
ఎడంచేతి చిటికెనవేలు దాకా వెళ్ళింది.
పదీ అయిపోయాక నాకేసి తిరిగి
"నాను నానేనని నా యేలు సెప్పదేటి, బావూ?" అంది.

నాకేం తెలుసు.
తుండుగుడ్డతో తుడిచాను.
సీసాలోంచి చుక్క కొబ్బరినూనె రాశాను.
పిల్లాడి చేత ఓనమాలు దిద్దించినట్టు
రెండు చేతుల్తో ఆ వేలు పట్టుకుని అద్దానికి అదిమాను.
మిషను కూసింది. చీటీ వచ్చింది.
సంచీ మూతి విప్పుతూ, నాతో కాదు, బియ్యంతో అన్నట్టు అంది:
"నా సెయ్యి ఎవులైనా అట్టుకుని ముప్పయ్యేళ్ళయిపోనాది."

మా నాన్న డీలరుగా ఉన్నప్పుడు
ఆ వీధివాళ్ళ చిల్లర గట్టు మీద పెట్టమనేవాడు.
నీళ్ళు చల్లాకే తీసుకునేవాడు.
ఆ సంగతి మిషనుకి ఎవరూ చెప్పలేదు.
దానికి ఉన్నది ఒకటే అద్దం.
నా చేతికి మరో దారి లేదు.
అలా మొదలైంది, గొప్ప చెప్పుకోవడానికేం లేదు.

తర్వాత్తర్వాత
పేరు చూడకుండా వేలు చెప్పేది మనిషిని.
బైపల్లి మోహినికి జ్వరమని ఆమె మొగుడికంటే ముందు నాకు తెలిసింది.
చలమయ్య వేలు వణికితే
తాగుడు మానేసి నాలుగో రోజని లెక్క.
ఓ నెల హేమావతి వేలు తడిగా ఉంది,
ఆ వేళ వాన లేదు.
నేనేమీ అడగలేదు.
గుప్పెడు ఎక్కువ వేద్దామంటే
కాటాని కూడా మిషనుకే కట్టేశారు.

కిందటి పండు వెన్నెల నెలలో కొత్త మిషను దిగింది.
దానికి వేలక్కర్లేదు, మొహం చాలు.
"కళ్ళు ఆర్పండి" అంటుంది.
ఆర్పితే చాలు, నువ్వు నువ్వే.

నిజం చెప్పాలి. ఇప్పుడు ఒక్కరూ
ఖాళీ సంచీతో వెనక్కి పోవడం లేదు.
వరస మధ్యాన్నానికే కరిగిపోతోంది.
ఎవరికి జ్వరమో నాకు తెలీడం లేదు.

మొన్న దాలమ్మ వచ్చింది.
కళ్ళార్పింది, చీటీ వచ్చింది,
బియ్యం సంచీలో పడ్డాయి.
అయినా కుడిచెయ్యి కాటా మీదుగా చాపే ఉంది.
"ఇంక అక్కర్నేదు, దాలమ్మా."
"తెలుసును" అంది.
చెయ్యి తియ్యలేదు.

వరస ఆగిపోయింది.
వెనకనుంచి ఎవరో అరిచారు:
"ఏటైనాది దానేసూ, సర్వరు పోనాదేటి?"